రెండున్నర రూపాయల సోలార్ యూనిట్ మన మేడ మీదికి వచ్చేసరికి ఎంతవుతుంది?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "సోలార్ కరెంటు యూనిట్ రెండున్నరకే వస్తోందని, బొగ్గు కంటే చవకైపోయిందని ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. మరి మా కరెంటు బిల్లు ఎందుకు తగ్గలేదు? మా మేడ మీద 3 కిలోవాట్లు పెట్టడానికి 2 లక్షలు అడుగుతున్నారు. మేం ఏడాది మొత్తం మీద నెలకు సగటున 350 యూనిట్లు వాడతాం. నిజంగా గిట్టుబాటవుతుందా?"

గిట్టుబాటవుతుందమ్మా. మీ వాడకానికి 3 కిలోవాట్ల కంటే 2 కిలోవాట్లు ఇంకా బాగా గిట్టుతుంది. ఆ లెక్క కింద వేసి చూపిస్తాను. ముందు మీ ప్రశ్నలో మొదటి సగానికి జవాబు చెప్పాలి. అది తెలియకుండా రెండో సగం లెక్క వేస్తే తప్పుతుంది. నేను థర్మల్ (బొగ్గు) కేంద్రంలో ఆపరేషన్స్‌లో 19 ఏళ్లు పనిచేశాను. ఆ తర్వాత 12 ఏళ్లుగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మేడల మీద, మిల్లుల మీద, కోల్డ్ స్టోరేజీల మీద సోలార్ డిజైన్ చేస్తున్నాను. రెండు వైపులా నిలబడి చూసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఆ రెండున్నర రూపాయలు అబద్ధం కాదు. జాతీయ సోలార్ మిషన్ 2010లో మొదలైంది. ఆ ఏడాది చివర్లో జరిగిన మొదటి వేలంలో (తక్కువ ధరకు ఇస్తామన్నవాళ్లకే ఇక్కడ ప్లాంటు దక్కుతుంది) యూనిట్ ధర 10.95 నుంచి 12.76 రూపాయల దాకా పలికింది. 2015 నవంబరులో మన అప్పటి కర్నూలు జిల్లా గని గ్రామంలోని సోలార్ పార్కుకు 4.63 వచ్చింది. 2017 ఏప్రిల్లో కడప పార్కుకు 3.15, మరుసటి నెలే రాజస్థాన్ భడ్లాలో 2.44. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99కి దిగింది. పదేళ్లలో అయిదో వంతుకు పడిపోయిన ధర మరే కరెంటుకైనా ఉందా అంటే నా ఎరుకలో లేదు. సిలికాన్ చవకైంది, దాన్ని కోసి తీసే రేకులు (వేఫర్లు) పల్చబడ్డాయి, చైనా ఫ్యాక్టరీలు ఊహించని స్థాయికి పెరిగాయి, ప్యానెల్ సామర్థ్యం 15 శాతం దగ్గర్నుంచి 21, 22 శాతానికి వచ్చింది. ఇవన్నీ కలిసి చేసిన పని అది.

అయితే ధర ఎప్పుడూ కిందికే వెళ్లలేదు. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్ల మీద 40 శాతం, వాటిలో బిగించే సెల్స్ మీద 25 శాతం సుంకం వేశారు. ఆ తర్వాత వేలాలు మళ్లీ రెండున్నర చుట్టూ స్థిరపడ్డాయి. 1.99 నాటి రోజుల్లో ఈ సుంకం లేదు, వడ్డీలు కూడా బాగా తక్కువ.

ఈ వడ్డీ మాట గట్టిగా పట్టుకోండి. సోలార్ లెక్కలో అసలు కీలకం అదే.

ఇబ్రహీంపట్నంలో మన వి.టి.పి.ఎస్. థర్మల్ కేంద్రం ఉంది. మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1979లో మొదలైంది, ఇప్పుడు మొత్తం 2,560 మెగావాట్లు. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు రావాలంటే దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మీ ఇంటి నెల వాడకం 350 యూనిట్లంటే పావు టన్ను బొగ్గన్నమాట. గనిలో తవ్వాలి, వ్యాగన్లకెక్కించాలి, పొడి కొట్టాలి, కాల్చాలి, బూడిద ఎత్తాలి. ప్లాంటు నడిచినన్నాళ్లూ ఈ ఖర్చు ఆగదు, ఏటా పెరుగుతుంది కూడా. సోలార్‌లో ఇదేమీ లేదు. ఖర్చులో దాదాపు అంతా మొదటిరోజే పెట్టేస్తాం. పాతికేళ్లకు సరిపడా కరెంటు ముందే కొనేసుకున్నట్టు. అందుకే బొగ్గు ప్లాంటుకు బొగ్గు ధర ఎలాంటిదో సోలార్‌కు వడ్డీ రేటు అలాంటిది. ఎండ ఎవరికైనా ఉచితమే, అప్పు ఎంతకు పుట్టిందన్నదే యూనిట్ ధరను తేలుస్తుంది.

మీ 3 కిలోవాట్ల మీదే చూపిస్తాను. 2 లక్షల ఖర్చు, కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోను 1,22,000. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ఏడాదికి సుమారు 1,400 యూనిట్లిస్తుంది. ప్యానెల్ ఏటా అర శాతం చొప్పున బలం తగ్గుతుంది కాబట్టి పాతికేళ్ల సగటు ఏడాదికి 4,000 యూనిట్లు అనుకుందాం. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను మధ్యలో ఒకసారి మార్చడానికి 30,000, ఏటా కడగడానికి, చిన్నచిన్న రిపేర్లకు 1,500 వేసుకోండి. 7 శాతం వడ్డీతో లెక్కేస్తే యూనిట్ 3.30 దగ్గర పడుతుంది. అదే సొమ్ము 11 శాతానికి బయట తెస్తే 4.25 అవుతుంది. సబ్సిడీ లేకుండా 7 శాతానికైతే 4.95, 11 శాతానికైతే ఆరున్నర దాటుతుంది. అవే ప్యానెళ్లు, అదే మేడ, అదే ఎండ. సబ్సిడీ, వడ్డీ మారితే చాలు, యూనిట్ ధర రెట్టింపయింది. ఈ పథకం కింద 3 కిలోవాట్ల దాకా బ్యాంకులు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకే ఇస్తున్నాయి. అమ్మే కంపెనీ చూపించే వాయిదాల పథకానికి సంతకం పెట్టేముందు బ్యాంకుకు వెళ్లి రేటు అడగండి.

ఇప్పుడు బిల్లు ఎందుకు తగ్గలేదన్న సంగతి.

రెండున్నర అనేది అనంతపురంలోనో, రాజస్థాన్‌లోనో మధ్యాహ్నం పన్నెండింటికి ప్లాంటు గేటు దగ్గర కరెంటు ధర. మీకు కావలసింది విజయవాడలో సాయంత్రం ఏడున్నరకు మీ ఇంట్లో కరెంటు. ఆ రెండింటి మధ్య దూరం వందల కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. కిలోమీటర్ల ఖర్చు లైన్లు, సబ్‌స్టేషన్లు, దారిలో నష్టాలు. గంటల ఖర్చు దానికంటే పెద్దది, దాని గురించి జనం తక్కువ మాట్లాడతారు.

నేను కంట్రోల్ రూమ్‌లో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఫుల్ లోడ్ నడిపేవాళ్లం. నేను వచ్చేశాక, సోలార్ పెరిగేకొద్దీ పదింటికల్లా లోడ్ తగ్గించమని వాళ్లకు ఫోన్ వస్తోంది, నాలుగు దాటగానే పెంచమని మళ్లీ ఫోన్. బాయిలర్ మోటార్ సైకిల్ కాదు, యాక్సిలరేటర్ తిప్పగానే ఎగబాకదు. 55 శాతం కంటే కిందికి దించితే మంట నిలబెట్టడమే కష్టం. రోజూ వేడెక్కి చల్లారుతుంటే ట్యూబులు పగులుతాయి, ఆయిల్ ఎక్కువ తాగుతుంది. ఇంకొక విషయం, ప్లాంటు తక్కువ నడిచినా దాని స్థిర ఛార్జీ డిస్కం (మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ) కట్టాల్సిందే. ఒప్పందాలు పాతికేళ్లవి. అంటే మధ్యాహ్నం చవక సోలార్ వచ్చినప్పుడు ఆదా అయ్యేది బొగ్గు ఖర్చు మాత్రమే, ప్లాంటు కట్టిన అప్పు ఖర్చు అలాగే ఉంటుంది. మీ బిల్లులో ఈ పాత ఒప్పందాలన్నీ కలిసి ఉన్నాయి. పదిహేనేళ్ల కిందట ఎక్కువ ధరకు రాసుకున్న సోలార్, గాలి ఒప్పందాలు కూడా అందులోనే ఉన్నాయి. కొత్త యూనిట్ రెండున్నరకు వచ్చినా అది పాత యూనిట్లను చెరిపేయదు, వాటి పక్కన చేరుతుంది.

కరెంటును గంటగంటకూ కొని అమ్మే సంత, అంటే కరెంటు ఎక్స్ఛేంజీ చూస్తే ఈ గంటల తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2025 మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ధర దాదాపు సున్నాకు పడిపోయింది. ఎండాకాలం సాయంత్రాలు అదే ఎక్స్ఛేంజీలో గరిష్ఠ పరిమితి అయిన 10 రూపాయలను ఎన్నోసార్లు తాకింది. ఒకే దేశం, ఒకే తీగ, ఆరేడు గంటల తేడా. అందుకని "సోలార్ చవకా, బొగ్గు చవకా" అని అడిగితే నేను తిరిగి "ఏ గంటకు?" అని అడుగుతాను.

పగటి గంటకైతే వాదన ముగిసిపోయింది. కొత్తగా కట్టే బొగ్గు ప్లాంటుతో పోలిస్తే సోలార్ సగం ధర కూడా కాదు. 2025లో బీహార్ పీర్‌పైంతిలో కట్టబోయే థర్మల్ కేంద్రానికి వేలంలో వచ్చిన ధర యూనిట్ 6.075. సాయంత్రం గంటకు కూడా తూకం మారుతోంది, నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఇదే. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీ 2,000 మెగావాట్ల సోలార్‌తో పాటు 1,000 మెగావాట్లను నాలుగు గంటలపాటు ఇవ్వగల బ్యాటరీని కూడా కలిపి వేలం వేస్తే 3.52 వచ్చింది. విడిగా బ్యాటరీ అద్దె 2022లో మెగావాట్‌కు నెలకు 10.8 లక్షలుంటే, 2025 వేలాల్లో రెండున్నర లక్షల కిందికి దిగింది. మూడేళ్లలో! థర్మల్‌లో బతికిన నేను, సాయంత్రం పీక్ (వాడకం గరిష్ఠంగా ఉండే సమయం) మాత్రం మా చేతుల్లోంచి పోదనే అనుకునేవాణ్ణి. ఆ నమ్మకం వదులుకున్నాను.

తెల్లవారుజామున మూడింటికి, శ్రావణ మాసంలో వారంపాటు ముసురు పట్టినప్పుడు మాత్రం ఈ బ్యాటరీ చాలదు. నాలుగు గంటల బ్యాటరీ నాలుగు గంటలకే. దానికి పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి ఉంచి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది) లాంటివి, గాలి, ఇప్పటికే ఉన్న థర్మల్ కేంద్రాలు కొన్నాళ్లు కావాలి. దేశంలో సోలార్ సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది, అదే ఏడాది జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివే అయ్యాయి. అయినా మనం వాడే యూనిట్లలో దాదాపు 70 శాతం బొగ్గువే. వెయ్యి మెగావాట్ల సోలార్ ఏడాది మొత్తం మీద ఇచ్చేది 200, 250 మెగావాట్ల ప్లాంటు నిరంతరం ఇచ్చినంతే. పేపర్లో మెగావాట్లు చదివినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇదే కారణంతో పగలు వాడగలిగే వాడకం ఏదైనా బంగారం. మన రైతులకు పగటిపూట 9 గంటల కరెంటు అన్న నిర్ణయం సోలార్‌తోనే అతికినట్టు సరిపోయింది. మా నాన్న రోజుల్లో రాత్రి రెండింటికి కరెంటొస్తే టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పొలం వెళ్లేవాళ్లు, పాము కాట్లు అలాగే జరిగేవి. ఆ ఒక్క మార్పు విలువ ఏ యూనిట్ ధరలోనూ కనపడదు, నాకు మాత్రం అన్నిటికంటే అదే పెద్దది.

గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లో ఒక కోల్డ్ స్టోరేజీకి ఏడేళ్ల కిందట పని చేశాం. వేల కొద్దీ టిక్కీలు (మిర్చి బస్తాలు), పైకప్పంతా ప్యానెళ్లు. మొదటి ఏడాది యజమానికి ఆశించినంత మిగల్లేదు. వెళ్లి చూస్తే కంప్రెసర్లు పాత అలవాటు ప్రకారం రాత్రిపూట గట్టిగా, పగలు నెమ్మదిగా నడుపుతున్నారు. మిర్చి బస్తాల గుట్టలు ఒకసారి చల్లబడితే ఆ చలిని గంటల తరబడి పట్టి ఉంచుతాయి. అంత పెద్ద చలి బ్యాటరీ చేతిలో ఉండగా ఇంకో బ్యాటరీ కొనక్కర్లేదు కదా! పదింటి నుంచి మూడింటి దాకా గది ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీ కిందికి లాగి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా కంప్రెసర్లు దాదాపు ఆపేలా సమయాలు మార్చాం. ఒక్క రూపాయి పరికరం కొనకుండా ఆయన లెక్క సరిపోయింది. మీ ఇంట్లో కూడా ఇదే సూత్రం. స్మార్ట్ మీటర్లు వచ్చాక పగటి సోలార్ గంటలకు తక్కువ రేటు, పీక్‌కు ఎక్కువ రేటు పెట్టాలని కేంద్రం 2023 నిబంధనల్లోనే రాసింది. నీళ్ల మోటారు, వాషింగ్ మెషిన్, గ్రైండర్ పగటికి మార్చుకునే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి.

ఇక మీ మేడ. మన డిస్కం గృహ రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ 350 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 2,110 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు, ఇతరాలు దీనికి అదనం, అవి మారుతుంటాయి కాబట్టి వదిలేద్దాం. మీ ప్యానెళ్లు ఇచ్చిన యూనిట్లను నెల వాడకంలోంచి తీసేస్తారు కాబట్టి సోలార్ ఎప్పుడూ పైమెట్టు నుంచి కోస్తుంది. ముందు పోయేవి మీ 8.75 రూపాయల యూనిట్లు, తర్వాత 6 రూపాయలవి, చివర్లో చవకవి.

అందుకే 2 కిలోవాట్లు పెడితే నెలకు సగటున 233 యూనిట్లు వస్తాయి, బిల్లులో 1,730 రూపాయలు తగ్గుతుంది. 2 కిలోవాట్లకు మీ దగ్గర 1,40,000 తీసుకున్నారనుకుంటే, 60,000 సబ్సిడీ పోను 80,000. నాలుగేళ్లు నిండకుండానే తిరిగొచ్చేస్తుంది. మూడో కిలోవాట్ కలిపితే అదనంగా మీ జేబులోంచి 42,000 పోతుంది, అది కోసేది నాలుగున్నర రూపాయల, 3 రూపాయల, 1.90 రూపాయల యూనిట్లను. నెలకు 380 మాత్రమే. ఆ ముక్క తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. సబ్సిడీ కూడా అలాగే ఉంది చూడండి, మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. మూడు కిలోవాట్లు మొత్తంగా అయిదేళ్లలో గిట్టుతాయని అమ్మేవాళ్లు చెప్పేది నిజమే, కానీ ఆ సగటులో మూడోది మొదటి రెండిటి భుజాల మీద ఎక్కి కూర్చుంది.

ఏడాదిలోపు ఇంకో ఏసీ కొనే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటరో ఉంటే మూడు పెట్టండి, అప్పుడది ఖరీదైన యూనిట్లనే కోస్తుంది. లేకపోతే రెండు పెట్టి, ఫ్రేమ్‌కూ వైరింగ్‌కూ చోటు ఉంచమనండి. మిగిలిన యూనిట్లను డిస్కంకు అమ్ముకోవచ్చన్న మాటకు పెద్ద విలువ ఇవ్వకండి, వాళ్లిచ్చే ధర మీరు కొనే ధర కంటే బాగా తక్కువ. నెలకు 150 యూనిట్లలోపు వాడే ఇళ్లవాళ్లు నన్నడిగితే తొందర లేదనే చెబుతాను. వాళ్ల సగటు యూనిట్ నాలుగు రూపాయలు కూడా ఉండదు.

కాగితం మీద లెక్క మేడ మీద నిలబడాలంటే ఇంకొన్ని చూడాలి. మొదటిది నీడ. సత్యనారాయణపురంలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింటివాళ్లు ఇంకో అంతస్తు వేస్తే మీ ఉదయం ఎండ పోతుంది. పటమటలో ఒక ఇంటికి వేరేవాళ్లు పెట్టిన ప్యానెళ్లు సరిగ్గా పని చేయట్లేదంటే చూడ్డానికి వెళ్లాను. వాటర్ ట్యాంకు నీడ మధ్యాహ్నం రెండింటి నుంచి రెండు ప్యానెళ్ల మీద పడుతోంది, వాటితో వరసలో ఉన్నవన్నీ కుంటుపడ్డాయి. ట్యాంకును నాలుగడుగులు జరపాల్సిన పనికి ఆ ఇంటాయన మూడేళ్లు నష్టపోయారు, నాకు బాధేసింది. డిసెంబరు చివర్లో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు మేడెక్కి ఫోటో తీసుకోండి. ఏడాదిలో నీడలు పొడవుగా పడేది ఆ రోజుల్లోనే.

రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు సోలార్ దంచేస్తుందనుకుంటారు. ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి పడదు. బయట 45 డిగ్రీలుంటే ప్యానెల్ 70 దాకా కాగుతుంది. 25 డిగ్రీల దగ్గర కొలిచి రాసిన సామర్థ్యంలోంచి, ఆపైన ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం చొప్పున పోతుంది, అంటే 15 శాతం గాల్లో కలిసినట్టే. అందుకని ప్యానెళ్లను స్లాబుకు అంటించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టించండి. బట్టలారేసుకోవడానికి చోటూ మిగులుతుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ వైపు వెళ్లినవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు: ఇన్వర్టర్‌నూ స్విచ్ బాక్సులనూ కింది అంతస్తు గోడకు పెట్టనివ్వకండి. వైరు ఖర్చు తగ్గుతుందని అక్కడే పెడతామంటారు, ఒప్పుకోకండి. ఇంకొకటి కూడా ముందే తెలుసుకోవాలి. మామూలు ఆన్‌గ్రిడ్ (వీధి లైనుకు కలిపిన) వ్యవస్థ వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ తీగ మీద పనిచేస్తుంటే మీ ప్యానెళ్ల కరెంటు అతని మీదికి వెళ్లకూడదు కాబట్టి అలా చేశారు, అది లోపం కాదు. కరెంటు పోయినప్పుడు ఇల్లంతా వెలగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కావాలి. మన ఊళ్లో కోతలు ఉన్న మేరకు ఇంటి బ్యాటరీ ధర ఇంకా లెక్కకు రాదని నా అభిప్రాయం. ఫ్యానుకూ లైట్లకూ ఇంట్లో ఉన్న మీ పాత బ్యాటరీ ఇన్వర్టరే ఉంచుకోండి.

ధరలు ఇంకా తగ్గుతాయేమో ఆగుదామా అని కూడా చాలామంది అడుగుతుంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అది మీ కొటేషన్‌లో తగ్గిందో లేదో చూడండి. పాత రేటుతో రాసిన కాగితాలు ఇంకా నా కంటపడుతున్నాయి. సబ్సిడీకి దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లే పెట్టాలి, అవి దిగుమతివాటికంటే ఖరీదే, కాబట్టి విదేశీ ధరలు పడినా మీకు వెంటనే తగలదు. ఆగిన ప్రతి నెలా మీరు 8.75 రూపాయల యూనిట్లు కొంటూనే ఉంటారు. ఏడాది ఆగితే 20,000 పైన పోతుంది, 80,000 ఖర్చులో పాతిక శాతం ఒక్క ఏడాదిలో తగ్గుతుందని నేననుకోను.

10 కిలోవాట్ల దాకా ఇప్పుడు సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి ఇవ్వాలని నిబంధన ఉంది, దాని పేరుతో ఎవరైనా అదనంగా డబ్బడిగితే ఇవ్వకండి. గత పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని నెలవారీ యూనిట్లు ఇక్కడే కింద రాయండి. మేడ పొడవు వెడల్పులు, ట్యాంకు ఏ దిక్కున ఉందో, ఆ మూడు ఫోటోలు కూడా పెట్టండి. రెండా మూడా అన్నది అప్పుడు ఖాయంగా చెప్పేస్తాను.